మా అత్త ముక్కు

పోయిన నెలలో మా చర్చి స్త్రీల సమాజం నుంచి ఇద్దరు బరంపురం హల్దియాపదర్‌లో మా ఇంటికి వచ్చారు. అందరిళ్ళలోని క్రిస్మస్ వంటలూ రాయించి ఒక చిన్న పుస్తకం కుట్టిద్దామని వాళ్ళ ఆలోచన. "మీ అత్తగారి ఇసక కేకు నువ్వే రాయాల. ఆవిడ సెయ్యి నీకే కదా వొచ్చింది" అన్నారు.

రాయడానికి కూర్చున్నాను. మైదా, వెన్న, గుడ్లు, పంచదార, నారింజ తొక్క. కొలతలన్నీ గబగబా రాసేశాను. ఎంతసేపు పొయ్యి మీద ఉంచాలి అన్నచోట కలం ఆగిపోయింది. ఆ ఒక్క సంగతి ఉన్నదున్నట్టు రాయాలంటే, ఆవిడ ఎవరికీ చెప్పొద్దన్నది చెప్పాలి. ఆవిడ పోయి రెండేళ్ళు దాటింది. మా ఆయనకి కూడా ఇవాళ్టి వరకూ తెలియదు. ఇది చదివి తెలుసుకుంటాడు.

మా అత్త మనిషి పొట్టి. ముక్కు మాత్రం పొడుగు. ఏ వస్తువు ఇంట్లోకి వచ్చినా ముందు ఆ ముక్కు దగ్గర ఆగాలి. పాలవాడు గిన్నెలో పాలు పోస్తే అతని ఎదురుగానే వంగి వాసన చూసేది. "నిన్నటివి కలిపినావు" అనేది. అతను దేవుడి మీద ఒట్టు వేసేవాడు. "నీ దేవుడు నీకు తెలుసు, నీ పాలు నాకు తెలుసు" అని గిన్నె వెనక్కి ఇచ్చేది. పెద్ద బజారులో మైదా కొట్టు ముందు ఆవిడ పిండి చిటికెడు తీసి నలిపి, ముక్కు దగ్గర పెట్టి, కళ్ళు మూసుకుంటే కొట్టువాడు తూకం ఆపి తీర్పు కోసం ఎదురు చూసేవాడు. గుడ్లని నీళ్ళ గిన్నెలో వేసి తేలుతున్నాయేమో చూసేది. మునిగినా సరే, ఒక్కొక్కటీ పగలగొట్టి వాసన చూసిగానీ మిగతావాటితో కలిపేది కాదు.

కొన్న మిఠాయి ఆ ఇంట్లో ఎరగం. కొవ్వొత్తి కూడా కొనేవాళ్ళం కాదు. "కొన్నదాంట్లో ఎవుడి సెయ్యి పడిందో మనకేటి తెలుస్తాది?" అనేది.

ఆ చెయ్యి లెక్కలోకే నేను కూడా వచ్చాను. మాది బరంపురంలో తరాలుగా ఉన్న తెలుగు పంతుళ్ళ కుటుంబం. మా నాన్న బడిలో తెలుగు చెప్పేవారు, నేనూ టీచర్నే. మా ఆయనా నేనూ ఇష్టపడి రిజిస్ట్రారు ఆఫీసులో పెళ్ళి చేసుకున్నాం. ఆ మర్నాడు వాళ్ళ చర్చిలో ప్రార్థన చేశారు. అత్త ఏడవలేదు, తిట్టలేదు. నన్ను దగ్గరికి పిలిచి, తల మీద ముద్దు పెట్టే వంకతో జుట్టు వాసన చూసింది. "సాంబ్రాణి" అంది, మా ఆయన వైపు తిరిగి. నేరం రుజువైనట్టుగా.

సాయంత్రం కుటుంబ ప్రార్థనలో అందరం కళ్ళు మూసుకునేవాళ్ళం. అత్త ఒక కన్ను తెరిచి నన్ను చూసేది. నాకెలా తెలుసంటే, నేనూ ఒక కన్ను తెరిచి ఆవిడని చూసేదాన్ని.

డిసెంబరు మొదటి ఆదివారం నుంచీ ఇల్లు ఒక కార్ఖానా అయిపోయేది. వెదురు పుల్లలతో అయిదు కోణాల నక్షత్రం కట్టి, దానికి గాలిపటాల కాగితం అతికించాలి. మైదా జిగురు ఉడకబెట్టేది నేను. ఎదురువైపు కాగితం అతికించేది ఆవిడ. నాకు నక్షత్రం వెనకవైపు ఇచ్చేది. గోడకి ఆనే వైపు, ఎవరూ చూడని వైపు. గులాబీ పువ్వులకి పిండి కలిపేది నేను, ఇనప అచ్చు పిండిలో ముంచి నూనెలో పెట్టేది ఆవిడ. ఇక కేకుకైతే, సోనేపూర్ సముద్రపు ఒడ్డు నుంచి మామగారు ఉన్నప్పుడు తెచ్చిన ఇసక బస్తా ఒకటి ఉండేది. ఏటా ఆ ఇసక కడిగి ఎండబెట్టాలి. ఉప్పు పోయిందో లేదో ఆవిడ నాలుక మీద వేసుకుని చూసేది. వెడల్పాటి డేగిసాలో ఆ ఇసక పోసి కాల్చి, దాని మీద కేకు గిన్నె పెట్టి మూత వేస్తుంది. అంతవరకూ నాకు పని ఉండేది. తరవాత "నువ్వెల్లు" అనేది.

ఒకసారి అడిగేశాను. "అత్తా, నేనుంటే ఏటవుద్ది?"

"ఉంటే ఏటీ అవ్వదు. సూస్తావు."

"చూస్తే?"

"సూసినోళ్ళు ఊరుకుంటారేటి?"

కేకు దించే వేళకి వంటగది గుమ్మంలో నిలబడి గాలి పీల్చేది. ఒక్క క్షణం ముందూ కాదు, వెనకా కాదు. మూత తీస్తే మధ్యలో పగులు సన్నగా నవ్వినట్టుండేది. మా ఆయన చిన్నప్పటి నుంచి ఏ ఒక్క ఏడాదీ ఆ కేకు మాడింది లేదు, పచ్చిగా ఉన్నది లేదు.

తరవాత కరోనా ఏడు వచ్చింది. ఇంట్లో అందరం జ్వరంతో పడ్డాం. మా అందరికీ వాసనలు పోయి, రెండు మూడు వారాల్లో తిరిగొచ్చాయి. "నీకో అత్తా?" అంటే, "నాకేటయింది? నాకేటీ కానేదు" అంది. మైదా చిటికెడు తీసి వాసన చూడటం, గుడ్డు పగలగొట్టి వాసన చూడటం అన్నీ మునుపటిలాగే చేసింది.

ఒక్కటే మారింది. ఆ డిసెంబరులో కేకు పొయ్యి మీద పెట్టి నన్ను పొమ్మని, లోపలి నుంచి గడియ పెట్టుకుంది. అంతకు ముందు ఎప్పుడూ గడియ పెట్టలేదు. బయట నిలబడి విన్నాను. లోపల పాడుతోంది. ఒక కీర్తన అయ్యాక ఇంకొకటి, మధ్యలో దమ్ము తీసుకోకుండా. ఆవిడ పని చేస్తూ పాడే మనిషి కాదు. నాకు గుండెల్లో మండింది. పిండి నేను కలిపాను కదా, ఆ మైల పోవడానికి పాడుతోంది అనుకున్నాను. ఇన్నేళ్ళు కాపురం చేసి, ఇంటికో బిడ్డని కన్నాక కూడా నా చెయ్యి శుద్ధి చేస్తే తప్ప దేవుడి పండక్కి పనికిరాదన్నమాట!

పండగనాడు రంభ ఊరి నుంచి ఆవిడ తమ్ముడూ మరదలూ వచ్చారు. కేకు కోశారు. మరదలు ముక్క నోట్లో పెట్టుకుని, మెల్లిగా సాసరులోకి వదిలేసింది. నేనూ తిన్నాను. వెన్న చెడిపోయింది. కంపు ముక్కులోకి ఎక్కి దిగనంది. మా పాపకి అప్పుడు ఆరేళ్ళు. "ఛీ" అని ఉమ్మేసింది. అత్త మాత్రం ఒక ముక్క నోట్లో వేసుకుని, నమిలి, మింగింది.

"బాగానే ఉందే!" అంది.

ఆవిడ ఒక్కొక్కరి మొహమే చూసుకుంటూ వచ్చి నా దగ్గర ఆగింది.

"ఏటి కలిపినావు?"

"నేనా?"

"నువ్వు కాకపోతే ఎవులు? పిండి నీ సేతిలోనే కదా ఉండాది."

మా ఆయన "అమ్మా, పోనీలే" అన్నాడు. పోనీలే అన్న మాట నాకు ఇంకా ఎక్కువ తగిలింది. నేను చేసినట్టే కదా దాని అర్థం! ఆ రోజు నాకు ఒక సంగతి రూఢిగా అనిపించింది. ఈవిడ కావాలనే చెడిన వెన్న వేసింది. బంధువుల ముందు నన్ను నిలబెట్టడానికి, సొంత కేకు చెడగొట్టుకుంది. లేకపోతే ఆ కంపు ఆ ముక్కుకి తెలియకపోవడమేమిటి?

నెల రోజులు మా ఇద్దరికీ మాటల్లేవు. పాప మా మధ్య కబుర్లు మోసేది.

ఆ తరవాత వచ్చిన ఈస్టరుకి ముందు, ఒక శనివారం. ఒంటిపూట బడి ముగించుకుని ఇంటికి వచ్చాను. వరండాలో చెప్పులు విప్పుతుండగానే గ్యాసు వాసన కొట్టింది. పరుగెత్తాను.

వంటగదిలో అత్తా పాపా కింద చాప మీద కూర్చుని ఉన్నారు. ఈస్టరు ఆరాధనకి కొవ్వొత్తులు చేస్తున్నారు. బొప్పాయి కాడలు బెత్తెడేసి ముక్కలు కోసి, ఒక్కొక్క దానిలో దారం దూర్చి, వరసగా నిలబెట్టారు. వాటిలో కరిగిన మైనం పోస్తే ఆరాక కాడ చీల్చి కొవ్వొత్తి తియ్యొచ్చు. పొయ్యి మీద ఒకవైపు పాలు పొంగి మంట ఆరిపోయి ఉంది. గ్యాసు సన్నగా కూస్తోంది. ఆ చప్పుడు ఆవిడ మందగించిన చెవులకి చేరలేదు. పాప అంటోంది, "నానమ్మా, కుళ్ళిన గుడ్డు వాసనొస్తంది."

"అబద్దాలాడకు. గుడ్లు నీళ్ళలో ఏసి సూసినాను. అన్నీ మంచియ్యే. పని తప్పించుకోడానికి ఏసాలు" అని, అత్త మైనం గిన్నె కింద రెండో పొయ్యి వెలిగించడానికి లేచింది. చేతిలో అగ్గిపెట్టె ఉంది. పుల్ల తీసింది.

నేనేం అరిచానో గుర్తులేదు. ఆవిడ చేతి మీద కొట్టాను. గట్టిగానే తగిలింది. అగ్గిపెట్టె ఎగిరి మైనం గిన్నెలో పడింది. గ్యాసు కట్టేసి, కిటికీలు తెరిచి, పాపని రెక్క పట్టుకుని పెరట్లోకి లాక్కెళ్ళాను. వెనక్కి వచ్చేసరికి అత్త అక్కడే నిలబడి ఉంది, ఎర్రబడ్డ చెయ్యి రెండో చేత్తో పట్టుకుని.

"అత్తని కొట్టినావు" అంది.

"గ్యాసు అత్తా! ఇల్లంతా గ్యాసు! నీకు వాసన రాలేదా?"

ఆవిడ పొయ్యి వైపు చూసింది. పొంగిన పాలని చూసింది. పెరట్లో ఉన్న పాపని చూసింది. అప్పుడు నాకు అన్నీ ఒక్కసారే తట్టాయి. చెడిన వెన్న, నమిలి మింగిన ముక్క, లోపలి గడియ.

ఆవిడని పెరట్లోకి తీసుకొచ్చి అరుగు మీద కూర్చోబెట్టాను. తనే చెప్పింది.

"ఆ జొరం ఎల్లింది గానీ ముక్కు తిరిగి రానేదు. ఉప్పు తెలుస్తాది, పులుపు తెలుస్తాది. మిగతాదంతా గడ్డే. టీ తాగితే ఏన్నీళ్ళు. అయన్నీ పోనీ. పాప తల మీద ముద్దెట్టుకుంటే ఏటీ తెల్దు. ఎవులి పిల్లనో ముద్దెట్టుకున్నట్టు ఉంటాది."

"మరి చెప్పలేదేటి?"

"సెప్తే? ముసిల్దానికి ముక్కు పోనాదని కుర్సీలో కూకోబెట్టెయ్యరూ? వంటగది నీ సేతిలోకి ఎల్లిపోదూ?"

"ఆ పాటలు?"

"పది కీర్తనలు పాడితే కేకు ఉడుకుతాది. మీ మామ బతికుండగా సరదాకి లెక్క సూసుకున్నాం. ఇప్పుడు పనికొచ్చింది." ఆగి, నా కళ్ళలోకి చూసింది. "నువ్వేటనుకున్నావు?"

నేను లేచి ఆవిడ ఎర్రబడ్డ చేతి మీద చన్నీళ్ళు పోశాను.

"ఎవులికీ సెప్పకు. నా కొడుక్కి కూడా" అంది. చెప్పనన్నాను. పాపకి కూడా ఏదో సర్దిచెప్పాం. నా మాట అత్త నమ్మలేదని ఆ చూపులోనే తెలిసింది. ఆ రోజు నుంచి నేనూ మా ఆయనా ఎక్కడైనా మెల్లిగా మాట్లాడుకుంటుంటే ఏదో వంకతో అక్కడికి వచ్చేది.

తరవాతి క్రిస్మస్‌కి వంటగదిలో నన్ను ఉండనిచ్చింది. ఆవిడకి ముక్కు నేనే. అందరి ఎదుటా అడిగేందుకు మాకొక రహస్యపు మాట. "ఏటే, నీ జలుబు తగ్గిందా?" అనేది. కేకు ఉడికితే "తగ్గింది", ఉడక్కపోతే "ఇంకా ఉంది". మా ఆయన ఒకసారి జలుబు మాత్రలు కూడా తెచ్చిచ్చాడు. అయినా ఆవిడ అనుమానం ఆవిడదే. వెన్న బాగుందని నేనంటే, అదే వెన్న గోడ మీంచి మావుసికి, అంటే పక్కింటి ఒడియా పిన్నిగారికి, చూపించి, ఏదో మాటల్లో పెట్టి ఆవిడ చేత కూడా వాసన చూపించేది.

ఎదుటి మనిషికి కాదనే వీలు లేని చోట మన మాట సాగడం ఎంత ప్రమాదమో నాకు అప్పుడు తెలియదు. నేను ముక్కునైన రెండో ఏడు ఒక పని చేశాను. నానబెట్టిన ఎండుద్రాక్షలో రవ్వంత పచ్చకర్పూరం కలిపాను. మా అమ్మ చక్రపొంగలిలో వేసేది. ఆ ఇంట్లో ఏళ్ళ తరబడి వండుతున్నాను, ఒక్క వాసనైనా నాది ఉండకూడదా అనిపించింది. కక్ష కాదని మాత్రం అనలేను. ఆవిడ ఎదురుగానే కలిపాను. ఆవిడ చూస్తూనే ఉంది.

"అదేటి?"

"ఏలకుల పొడి."

ఆ కేకు తిన్నవాళ్ళంతా మెచ్చుకున్నారు. "ఈసారి ఘుమఘుమ వేరుగా ఉంది, ఏం వేశావమ్మా?" అని చర్చివాళ్ళు ఆవిడని అడిగారు. ఆవిడ నవ్వి ఊరుకుంది. నవ్వుతూనే నా వైపు చూసింది. మర్నాడు పొద్దున్న ఒక ముక్క కాగితంలో చుట్టుకుని పక్కింటికి వెళ్ళింది. నేను కిటికీలోంచి చూస్తున్నాను. మావుసి వాసన చూసి, సంతోషంగా, చేతులు జోడించి మరీ చెప్పింది. పూజగది వాసన వస్తోందట.

అత్త వచ్చి నా ఎదురుగా పీట వేసుకుని కూర్చుంది. కోపం లేదు. అదే నన్ను భయపెట్టింది.

"గుడ్డోడు దారడిగితే గోతిలోకి సూపించినట్టు సేసినావు."

"తప్పయిపోయింది అత్తా."

"కరుపూరం తప్పని ఎవులన్నారు? అడిగితే ఎయ్యమందును. ఎయ్యొద్దనే అందునేమో. నువ్వు అడగనేదు. నాకు తెలీదనే కదా ఏసినావు?"

కాళ్ళు పట్టుకోబోయాను. వెనక్కి లాక్కుంది.

"నాకు కాదు. దేవుడికి సెప్పుకో" అని లేచి, గుమ్మం దాకా వెళ్ళి ఆగింది. "ఏ దేవుడికైనా సరే" అంది.

ఆ మరుసటి ఏడు కేకుకి ముక్కు మా పాప. నానమ్మ దానికి వాసనల ఆట అని చెప్పింది. పాప గుమ్మంలో నిలబడి ముక్కు ఎగబీల్చి "ఇప్పుడు!" అని కేక పెడితే ఆవిడ దించేది. నేను బయట గదిలో బడి పిల్లల కాగితాలు దిద్దుకుంటూ వినేదాన్ని. బాధగానే ఉండేది. న్యాయమని కూడా తెలిసేది.

ఆ తరవాతి వేసవిలో ఆవిడ పెరట్లో జారిపడి తుంటి విరగ్గొట్టుకుంది. ఆపరేషను ఆ ఒంటికి పనికిరాదన్నారు. మంచానికి అతుక్కుపోయింది. నడుం కింద పుళ్ళు పడ్డాయి. పొద్దున్నా సాయంత్రం నేనే కడిగి మందు వేసేదాన్ని. ఎంత కడిగినా గదిలో ఆ వాసన పోయేది కాదు. దుప్పట్లలో, పరదాల్లో, నా చీరల్లో అదే. బడిలో పాఠం చెబుతున్నా నా ముక్కులోనే ఉండేది.

ఆవిడకి మాత్రం ఏమీ తెలియదు. తెలియకపోవడమే ఆవిడని తినేసింది. ఎవరైనా గదిలోకి వచ్చి తొందరగా వెళ్ళిపోతే లెక్కపెట్టుకునేది. "మీ ఆయన గుమ్మం కాడ నిలబడే మాటాడతన్నాడేటి?" అని అడిగేది. ఆయనకి ఆఫీసు తొందర అని చెప్పేదాన్ని.

ఒక బుధవారం మధ్యాహ్నం స్త్రీల సమాజం వాళ్ళు ప్రార్థనకి వస్తామని కబురు పంపారు. ఎనిమిది మంది. పొద్దుటి నుంచీ ఆవిడ కుదురుగా లేదు. నేను దుప్పటి మారుస్తుంటే మణికట్టు పట్టుకుంది.

"నిజం సెప్పు. గదిలో కంపు కొడతందా?"

"లేదత్తా."

"మొహం ఇటు తిప్పు."

తిప్పాను. ఆ చూపు ముందు అబద్ధం నిలబెట్టడం ఎంత కష్టమో ఏలకుల పేరు చెప్పిన రోజు నాకు తెలియలేదు. ఆ రోజు గెలవాలని చెప్పాను. ఈ రోజు నా అబద్ధం ఓడిపోతే ఆవిడ ఏమైపోతుందోనని చెప్పాను.

"సరే, సూద్దాం. ఆలని రానీ. ఆల మొహాలు సెప్తాయి" అంది.

నేను వీధి గేటు దగ్గరికి వెళ్ళి నిలబడ్డాను. ఎండలో గొడుగులు వేసుకుని వాళ్ళు వస్తున్నారు. ఒక్కొక్కరినీ ఆపి చెప్పాను. లోపల ఎవరూ ముక్కుకి కొంగు అడ్డం పెట్టొద్దు. మొహం చిట్లించొద్దు. భరించలేమనుకున్నవాళ్ళు ఇక్కడి నుంచే వెనక్కి వెళ్ళిపోండి, నేనేమీ అనుకోను. అలా మాట్లాడటం నాకు అలవాటు లేదు. నా గొంతు విని వాళ్ళు కంగారుపడ్డారు. ఒకావిడ, నన్ను ఎప్పుడూ పంతులుగారి పిల్ల అని పిలిచే పెద్దావిడ, నా భుజం తట్టి అందరికన్నా ముందు లోపలికి నడిచింది.

గంటసేపు కూర్చున్నారు. పాడారు. ఆ పెద్దావిడ మంచం మీదే కూర్చుని, అత్త తల ఒళ్ళోకి తీసుకుని జుట్టు దువ్వింది. కొంగు ఒక్కటీ లేవలేదు. అత్త కళ్ళు ఒక మొహం నుంచి ఇంకో మొహానికి తిరుగుతూనే ఉన్నాయి.

వాళ్ళని సాగనంపి వచ్చేసరికి ఆవిడ అలిసిపోయి ఉంది. నీళ్ళు తాగించి, తలగడ సర్ది, ఇంకేదైనా అడుగుతుందేమోనని పక్కనే నిలబడ్డాను. మొహం ఇటు తిప్పమంటుందనుకున్నాను. తన ఎదురుగా అబద్ధమాడే మనిషిని కళ్ళలోకి చూడకుండా వదలడం ఆవిడకి తెలియదు.

ఆవిడ తల గోడ వైపు తిప్పుకుంది.

"నువ్వు సెప్పింది నిజమే. నమ్మినాను" అంది, అటు చూస్తూనే.